రికార్డింగ్ గదిలో కంప్యూటర్ హోరు: చప్పుడు తక్కువగా ఉండే ఫ్యాన్లు ఎలా ఎంచుకోవాలి?

బల్లార్షా_పాఠాలు అడిగారు:

అందరికీ నమస్కారం. మేముండేది చంద్రపూర్ జిల్లా బల్లార్పూర్‌లో. ఇక్కడి తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నా, బడిలో మరాఠీ చదువుతున్నందువల్ల మన అక్షరాలు వారికి పట్టుబడడం లేదు. వారి కోసం రోజుకొక పది నిమిషాల పాఠం నా గొంతుతో రికార్డు చేసి, తల్లిదండ్రుల ఫోన్లకు పంపుతున్నాను. పగలు ఇంట్లో సందడి ఉంటుంది కనుక రాత్రి పదకొండు దాటాక, కూలరూ సీలింగ్ ఫ్యానూ ఆపేసి, తలుపులు వేసుకొని కూర్చుంటాను. అప్పుడు గదిలో మిగిలేది కంప్యూటర్ హోరు ఒక్కటే. అది మొదటి నుండి చివరి దాకా రికార్డింగులో వినిపిస్తూనే ఉంటుంది.

ఆ హోరును సాఫ్ట్‌వేర్‌తో తీసేయవచ్చని చాలామంది చెప్పారు, నేను చేసి చూశాను కూడా. కానీ ఫ్యాను గాలి చప్పుడూ, మన శ, ష, స అక్షరాలు పలికేటప్పుడు వచ్చే ఊపిరి చప్పుడూ చెవికి ఒకే జాతివి. హోరు పూర్తిగా పోయేంత గట్టిగా తీసేస్తే ఆ అక్షరాలు కూడా అరిగిపోతున్నాయి. గత వారం నేను పలికిన 'శంఖం' అన్న మాటను తిరిగి వింటే 'సంకం' అన్నట్లే ఉంది. ఒత్తక్షరాలు నేర్పే పాఠంలోనే ఒత్తు వినబడకపోతే పిల్లలకు తప్పు నేర్పినట్లే అవుతుంది. అందుకే చప్పుడును అది పుట్టే చోటే తగ్గించాలనుకుంటున్నాను.

నా కంప్యూటర్ వివరాలు ఇవి. ఇంటెల్ 12వ తరం ఐ5 ప్రాసెసర్, దాన్ని చల్లబరచడానికి దానితో పాటు పెట్టెలో వచ్చిన చిన్న కూలరే బిగించి ఉంది. గ్రాఫిక్స్ కార్డు వేరుగా లేదు. క్యాబినెట్‌కు ముందువైపు అద్దం పలక, దాని వెనుక రంగుల లైట్లు వెలిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు మూడు, వెనుక అలాంటిదే మరొకటి ఉన్నాయి. కొన్న చోట ఎలా అమర్చి ఇచ్చారో నేటికీ అలాగే ఉన్నాయి. పాఠం రికార్డు చేసేటప్పుడు ప్రాసెసర్‌కు పెద్దగా పని ఉండదు, అయినా చప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉంటుంది. మా దగ్గర మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటుతుంది, పైగా బొగ్గు గనుల ఊరు. క్యాబినెట్ తుడిచిన వారానికే రెక్కల అంచున నల్లటి గీత కడుతుంది.

మూడు వేల రూపాయల దాకా పెట్టగలను. ఏ కంపెనీ ఫ్యాన్లు తీసుకోవాలి, 120 సైజువా, 140 సైజువా? ఇంత వేడిలో నెమ్మదిగా తిరిగే ఫ్యాన్లు పెడితే కంప్యూటర్ పాడవుతుందా? దయచేసి చెప్పగలరు.


సిరొంచ_సర్వీస్ బదులిచ్చారు:

అక్కయ్యా, నమస్కారం. నేను సిరొంచలో కంప్యూటర్లు బాగుచేస్తాను. మీరు ఫ్యాన్లు కొనే ముందు, ఇప్పుడున్న హోరు ఎక్కడి నుండి వస్తోందో తేల్చుకోవడం అవసరం. మీరు రాసిన వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పని ఉన్నా లేకున్నా చప్పుడు ఒకే స్థాయిలో ఉంటుందన్న మాట. మదర్‌బోర్డు అదుపులో ఉన్న ఫ్యాను అలా ప్రవర్తించదు. వేడి పెరిగితే వేగం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది. ఎప్పుడూ ఒకే వేగంతో తిరుగుతోందంటే, బహుశా మీ క్యాబినెట్ ఫ్యాన్లు మదర్‌బోర్డుకు కాకుండా నేరుగా ఎస్‌ఎంపీఎస్‌కు, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బాకు, కలిపి ఉంటాయి.

పక్క పలక తీసి ఫ్యాను వైర్లను చివరి దాకా వెంబడించి చూడండి. నాలుగు రంధ్రాల వెడల్పాటి తెల్ల ప్లగ్గు, దానికి పసుపు, ఎరుపు, మధ్యలో రెండు నల్ల వైర్లు ఉన్న ఎస్‌ఎంపీఎస్ కనెక్టరులోకి వెళితే అది మోలెక్స్ కనెక్షను. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపు తీగలో 5 వోల్టులు ఉంటాయి. ఫ్యాను ఆ పసుపు తీగ నుండి పూర్తి 12 వోల్టులు తీసుకుంటుంది కాబట్టి జనవరి చలిలోనూ, మే ఎండలోనూ, కంప్యూటర్ ఖాళీగా ఉన్నా సరే, పూర్తి వేగంతోనే తిరుగుతుంది. తక్కువ ధరలో లైట్లతో వచ్చే క్యాబినెట్లలో సగానికి పైగా నా చేతికి ఇలాంటివే వస్తున్నాయి. వైర్లను మార్చి 7 వోల్టులతో తిప్పే చిట్కా ఒకటి చెబుతారు, కానీ పొరపాటున షార్టయితే 12 వోల్టులు 5 వోల్టుల లైనులోకి వెళ్లే ప్రమాదం ఉంది. ఇంట్లో ఆ పని చేయవద్దని నా మనవి.

తరువాత ఒక పరీక్ష చేయండి. కంప్యూటర్ ఆపి, ముందువైపు ఫ్యాన్ల ప్లగ్గు ఒక్కటి తీసి, మళ్లీ ఆన్ చేసి రెండు నిమిషాలు వినండి. అలాగే వెనుక ఫ్యానును కూడా తీసి చూడండి. ప్రాసెసర్ మీదున్న ఫ్యాను మాత్రం ఎన్నడూ తీయవద్దు. దాని చప్పుడు తెలియాలంటే మిగతావన్నీ తీసేసినప్పుడు మిగిలేది ఏమిటో వింటే చాలు. అప్పటికీ అడుగు భాగం నుండి గరగర వస్తే అది ఎస్‌ఎంపీఎస్ ఫ్యాను. దాని డబ్బాను మీరు విప్పకూడదు. స్విచ్ ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

ఇంకొక్కటి. ఫ్యాన్లు తిరుగుతుండగా ముందు అద్దం పలకను ఊడదీసి వినండి. చప్పుడు తీరు మారితే, పలకకూ ఫ్యాన్లకూ మధ్య సందు చాలక అవి గాలి కోసం పెనుగులాడుతున్నాయన్నమాట. అలాంటప్పుడు ఎంత ఖరీదైన ఫ్యాను పెట్టినా సగం డబ్బు వృథా అవుతుంది.


బరంపురం_డీటీపీ బదులిచ్చారు:

సిరొంచ మిత్రులు చెప్పిన పరీక్ష తప్పకుండా చేయండమ్మా. ఫ్యాను ఎంపిక విషయంలో నాకు తెలిసింది రాస్తాను. బరంపురంలో మాది ఒడియా, తెలుగు శుభలేఖలు అచ్చువేసే దుకాణం. ఒకే గదిలో నాలుగు కంప్యూటర్లు రోజంతా నడుస్తాయి. పక్కవారు చెప్పే పేర్లు సరిగ్గా వినబడక అచ్చులో తప్పులు దొర్లేంత రొద ఉండేది. దాన్ని తగ్గించుకోవడానికి నేను రెండేళ్లు రకరకాల ఫ్యాన్లు మార్చి చూశాను.

మొదట తెలుసుకోవలసింది వేగానికీ చప్పుడుకూ ఉన్న సంబంధం. ఒకే ఫ్యానును సగం వేగంతో తిప్పితే గాలి సగానికి తగ్గుతుంది, కానీ చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. 10 డెసిబెల్‌లు తగ్గితేనే మన చెవికి సగం అయినట్లు అనిపిస్తుంది కనుక, 15 తగ్గడమంటే ఎంతో మీరే ఊహించవచ్చు. అదే సమయంలో, ఒక ఫ్యాను పక్కన సరిగ్గా అలాంటిదే మరొకటి పెడితే పెరిగే చప్పుడు 3 డెసిబెల్‌లే. అంటే ఒక ఫ్యానును వేగంగా తిప్పడం కన్నా రెండింటిని నెమ్మదిగా తిప్పడం అన్ని విధాలా మేలు. 140 సైజు ఫ్యాను మంచిదనడానికీ కారణం ఇదే, రెక్క పెద్దది కనుక తక్కువ చుట్లతోనే అంత గాలి తోస్తుంది. అయితే మీ క్యాబినెట్‌లో దానికి తగిన రంధ్రాలు ఉండాలి. 120 ఫ్యానుకు స్క్రూ రంధ్రాల మధ్య దూరం 105 మిల్లీమీటర్లు, 140 ఫ్యానుకు 124.5 మిల్లీమీటర్లు. స్కేలుతో కొలిచి చూసుకోండి. రంధ్రాలు లేకపోతే 120 తోనే మీ పని నిశ్చింతగా జరుగుతుంది.

డబ్బా మీద రాసే డెసిబెల్ అంకెను నమ్మి రెండు కంపెనీలను పోల్చకండి. ఒకరు ఎదురుగా ఏ అడ్డూ లేకుండా కొలుస్తారు, మరొకరి కొలత పద్ధతి వేరుగా ఉంటుంది. మీ ఇంట్లో అదే ఫ్యాను ఫిల్టరు వెనుక, ఇనుప జాలీ ముందు తిరుగుతుంది. రెక్కకూ జాలీకీ మధ్య ఎడం తక్కువైతే ఈల వేసినట్లు ఒక సన్నని స్వరం పుడుతుంది. రికార్డింగులో హోరు కన్నా ఆ స్వరమే ఎక్కువ బాధిస్తుంది.

బేరింగు, అంటే ఫ్యాను ఇరుసును మోసే భాగం, సంగతి మీ ఊరి వేడికి ముఖ్యమైనది. చవక ఫ్యాన్లలో ఉండేది మామూలు బుష్. కొత్తలో అది చాలా నిశ్శబ్దంగానే ఉంటుంది, కానీ వేడికి లోపలి నూనె ఆరిపోయి ఏడాదిన్నరలో గరగరమంటుంది. బాల్ బేరింగు వేడికి తట్టుకొని చాలా కాలం పనిచేస్తుంది, కాకపోతే మొదటి రోజు నుండీ సన్నగా గుర్రుమంటుంది. మీరు అడగవలసింది ఫ్లూయిడ్ డైనమిక్ బేరింగు. దానిలో నూనె బయటికి పోకుండా లోపలే తిరుగుతూ ఇరుసును మోస్తుంది కనుక చప్పుడూ తక్కువ, ఆయుష్షూ ఎక్కువ. ఊరూ పేరూ లేని డబ్బాల మీద 'హైడ్రాలిక్' అని అచ్చువేసిన మాట చూసి మోసపోవద్దు. అలాంటివి నేను ఆరు కొన్నాను, మా సముద్రపు గాలికి రెండు వేసవులు కూడా నిలవలేదు.

ఇక వైరు చివర నాలుగు రంధ్రాల చిన్న ప్లగ్గు ఉన్న పీడబ్ల్యూఎం ఫ్యానే తీసుకోండి. దాని మోటారుకు ఎప్పుడూ 12 వోల్టులే అందుతాయి, వేగాన్ని మాత్రం నాలుగవ తీగ మీద వచ్చే సంకేతం నిర్ణయిస్తుంది. అందువల్ల నిమిషానికి 300, 400 చుట్ల దాకా కూడా ఆగకుండా తగ్గించవచ్చు. మూడు రంధ్రాల ఫ్యానును వోల్టేజి తగ్గించి తిప్పాలి, బాగా తగ్గిస్తే అది మొదలు కాకుండా నిలిచిపోతుంది.

మీ లెక్కలో నాకు సరిపోతుందని తోచేది ఆర్కటిక్ పీ12 పీడబ్ల్యూఎం. దాని వేగం నిమిషానికి 200 నుండి 1800 చుట్ల దాకా ఉంటుంది, ఫిల్టరు వెనుక నుండి గాలి లాగే బలమూ ఉంది. కొనేటప్పుడు 'పీఎస్‌టీ' అని రాసి ఉన్నది చూసుకుంటే ఒకదాని తోక మరొకదానికి తగిలించుకోవచ్చు, ఒక ప్లగ్గును రెండుగా చీల్చే స్ప్లిటరు వేరే అవసరం ఉండదు.


రాయగడ_వాసి బదులిచ్చారు:

నేను వాడుతున్నది నాక్టువా ఎన్‌ఎఫ్-ఏ12x25. రెక్క కొసకూ చట్రానికీ మధ్య సందు అర మిల్లీమీటరే, అందుకే వేడికి సాగని ప్రత్యేకమైన ప్లాస్టిక్‌తో చేస్తారు. ఆరేళ్ల వారంటీ ఉంది. నాకు దాని మీద ఎంతో నమ్మకం. అయితే ఒక్కదాని ధరలో పైన చెప్పినవి రెండు మూడు వస్తాయి, కాబట్టి అక్కయ్యగారి మూడు వేలలో నాలుగూ అవే పెట్టుకోవడం కుదరదు. నీళ్లతో చల్లబరిచే కూలరు మంచిదని ఎవరైనా చెబితే వినవద్దు. దానికీ ఫ్యాన్లు కావాలి, పైగా పంపు చప్పుడు అదనం. ఆ సన్నని పంపు స్వరాన్ని మైకు తప్పకుండా పట్టుకుంటుంది.


సిరొంచ_సర్వీస్ బదులిచ్చారు:

అక్కయ్య అడిగిన రెండవ ప్రశ్నకు, అంటే ఇంత ఎండలో నెమ్మదైన ఫ్యాన్లు చాలునా అన్నదానికి ఇంకా ఎవరూ జవాబు చెప్పలేదు. మా సిరొంచలోనూ మే నెల అలాగే ఉంటుంది కనుక చెబుతున్నాను.

ఫ్యాను గాలిని చల్లబరచదు, గదిలో ఉన్న గాలినే లోపలికి తెస్తుంది. గదిలో 40 డిగ్రీలుంటే క్యాబినెట్ లోపల 40 కన్నా తగ్గడం జరగని పని. అందుచేత ప్రాసెసర్ ఉష్ణోగ్రతను చూసి భయపడకుండా, అది గది కన్నా ఎంత ఎక్కువ ఉందో చూడాలి. అదే పని, అదే ఫ్యాను వేగం ఉన్నప్పుడు ఆ తేడా ఇంచుమించు మారదు. జనవరిలో గది 22 ఉన్నప్పుడు ప్రాసెసర్ 57 చూపిస్తే తేడా 35. మేలో గది 42 ఉన్నప్పుడు అదే 77 చూపిస్తుంది. మీ ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకునేది 100 డిగ్రీల దగ్గర. కాబట్టి మేలో 80 చూపించినా అది జబ్బు కాదు.

గాలి ఎంత కావాలన్నదానికి ఒక లెక్క ఉంది. లోపల పుట్టే వేడి 150 వాట్లు అనుకుందాం. మీ కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు లేదు కనుక నిజానికి అంత కూడా ఉండదు. ఆ వేడిని మోసుకుపోతూ గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే గంటకు సుమారు 45 ఘనమీటర్ల గాలి కావాలి. మంచి 120 ఫ్యాను 800 చుట్ల దగ్గర, ఏ అడ్డూ లేనప్పుడు, ఒక్కటే దాదాపు అంత తోస్తుంది. ఫిల్టరూ జాలీ సగం మింగేసినా ముందు రెండు, వెనుక ఒకటి ఉంటే సరిపోతుంది. ఇప్పుడు మీకున్న నాలుగు పూర్తి వేగపు ఫ్యాన్ల హోరు అవసరానికి మించినది.

ముందు రెండు పెట్టి వెనుక ఒక్కటే పెట్టమనడానికి మరో కారణం బొగ్గు దుమ్ము. బయటికి పోయే గాలి కన్నా లోపలికి వచ్చే గాలి కాస్త ఎక్కువైతే, క్యాబినెట్ సందుల నుండి గాలి బయటికి పోతుందే గాని దుమ్మును లోపలికి లాగదు. వచ్చే దుమ్మంతా ముందు ఫిల్టరు మీదే ఆగుతుంది. దాన్ని తీసి కడుక్కోవచ్చు. గాలి ఎటు పోతోందో అనుమానం వస్తే అగరుబత్తి వెలిగించి పొగను చూడండి. స్టిక్కరూ, చట్రాన్ని పట్టుకునే కాళ్లూ ఉన్న వైపు నుండి గాలి బయటికి వస్తుంది.


బల్లార్షా_పాఠాలు రాశారు:

మీ అందరికీ ఎంతో కృతజ్ఞురాలిని. నిన్న ఆదివారం కావడంతో మా అబ్బాయి టార్చి పట్టుకోగా పక్క పలక విప్పి చూశాను. సిరొంచ తమ్ముడు చెప్పినట్లే నాలుగు ఫ్యాన్ల వైర్లూ ఒకదాని తోక ఒకటి పట్టుకొని చివరికి ఆ వెడల్పాటి తెల్ల ప్లగ్గులోకే వెళ్లాయి. మదర్‌బోర్డు మీద క్యాబినెట్ ఫ్యాన్ల కోసం ఉన్న మూడు చోట్లూ ఖాళీగానే ఉన్నాయి. ఇన్నాళ్లూ ఆ సంగతి తెలియక రాత్రంతా కూర్చొని పాఠాలు తిరిగి చదివాను.

ముందున్న మూడింటినీ తీసేసి ఆన్ చేశాక గది ఒక్కసారిగా తేలికపడింది. వెనుకదీ తీసేస్తే మిగిలింది ప్రాసెసర్ ఫ్యాను చప్పుడే. కానీ అది అడపాదడపా ఝుమ్మని లేచి, నాలుగు సెకన్ల తరువాత మళ్లీ తగ్గుతోంది. ఏదైనా ఫోల్డరు తెరిచినా లేస్తుంది. నిలకడగా ఉండే హోరు కన్నా ఈ లేచి పడే చప్పుడు చెవికి ఇంకా కష్టంగా ఉంది. అద్దం పలక తీసినప్పుడు కూడా తేడా స్పష్టంగా తెలిసింది. పలకకూ ఫ్యాన్లకూ మధ్య నా చిటికెన వేలు కూడా దూరలేదు.

ఫ్యాను ఒకటి ఊడదీసి కిటికీ వెలుగులో చూశాను. రెక్క ముందంచున కాటుక దిద్దినట్లు బొగ్గు గీత ఉంది. తడిగుడ్డతో తుడిస్తే పోలేదు, గోటితో గీకితే పొలుసుగా లేచింది.


బరంపురం_డీటీపీ బదులిచ్చారు:

అమ్మా, అలా లేచి పడడానికి కారణం ఆ ఫ్యాను కాదు, దానికి ఇచ్చిన ఆజ్ఞ. నేటి ప్రాసెసర్లు చిన్న పనికి కూడా ఒక్క క్షణం పూర్తి వేగం అందుకుంటాయి, ఆ క్షణంలో ఉష్ణోగ్రత పది పదిహేను డిగ్రీలు ఎగబాకి వెంటనే దిగుతుంది. ఫ్యాను దాని వెంట పరుగెత్తవలసిన అవసరం లేదు. కంప్యూటర్ ఆన్ అవుతుండగా డిలీట్ మీట నొక్కి బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యే ముందు కంప్యూటర్ అమరికలు మార్చే చోటికి, వెళ్లండి. అక్కడ ఫ్యాన్ల పేజీని ఒక కంపెనీ క్యూ-ఫ్యాన్ అని, మరొకటి స్మార్ట్ ఫ్యాన్ అని పిలుస్తుంది. వేగం పెరగడానికి పట్టే సమయం అనే అంశం కనిపిస్తే దాన్ని వీలైనంత పెంచండి. తరువాత వేడిని బట్టి ఫ్యాను వేగం ఎంత పెరగాలో చూపే గీతను చదును చేయండి. 60 డిగ్రీల దాకా 30 శాతం, 75 దగ్గర 50 శాతం, 85 దాటితే పూర్తి వేగం అన్నట్లు పెడితే, మీ పాఠం సాగే పది నిమిషాలూ ఫ్యాను మొదటి మెట్టు దాటదు. క్యాబినెట్ ఫ్యాన్లకు మాత్రం ప్రాసెసర్ వేడిని కాక మదర్‌బోర్డు వేడిని ఆధారంగా ఎంచుకోండి, అది నిదానంగా పెరిగి నిదానంగా తగ్గుతుంది. ఆ పేజీలోనే పీడబ్ల్యూఎం, డీసీ అని రెండు పద్ధతులుంటాయి, డీసీ అంటే వోల్టేజి తగ్గించి తిప్పేది. మూడు రంధ్రాల ఫ్యానుకు పీడబ్ల్యూఎం అని పెట్టి ఉంటే అది పూర్తి వేగంతోనే తిరుగుతుంది. చాలామంది ఇక్కడే పొరబడి ఫ్యాను చెడ్డదంటారు.

పైసా ఖర్చు లేని మరో పని ఉంది. విండోస్ పవర్ ఆప్షన్లలో ప్రాసెసర్ గరిష్ఠ స్థితి 100 శాతం ఉంటుంది. రికార్డింగు ముందు దాన్ని 99 చేయండి. టర్బో, అంటే ప్రాసెసర్ క్షణంపాటు అదనపు వేగం అందుకోవడం, ఆగిపోతుంది, ఆ ఎగబాకే వేడి పుట్టనే పుట్టదు. గొంతు రికార్డు చేయడానికి టర్బోతో పనిలేదు.

ఇవన్నీ చేశాక మూడు వేలను ఇలా పంచుకోమని నా సలహా. ముందుకు రెండు, వెనుకకు ఒకటి పీడబ్ల్యూఎం ఫ్యాన్లు. డబ్బు మిగిలితే ప్రాసెసర్ మీదకు 120 ఫ్యాను ఉన్న టవర్ కూలరు, అంటే ఎత్తుగా నిలబడే పెద్ద కూలరు. పెట్టెలో వచ్చిన కూలరుకు వేడిని లాగే లోహపు దిమ్మే చిన్నది, ఫ్యానూ చిన్నదే, అందుకే వేడి పెరిగితే అంతగా అరుస్తుంది. టవర్ తీసుకునేటప్పుడు రెండు సంగతులు చూడండి. మీ క్యాబినెట్‌లో ఎంత ఎత్తు పడుతుందో కొలవండి, తరువాత అది ఎల్‌జీఏ 1700 సాకెట్‌కు, అంటే బోర్డు మీద మీ ప్రాసెసర్ కూర్చునే గూటికి, సరిపోతుందని డబ్బా మీద ఉందో లేదో చూడండి. ముందు తరాల సాకెట్లలో రంధ్రాల ఎడం 75 మిల్లీమీటర్లు, మీ దానిలో 78. పాత బిగింపులు పట్టవు.


బల్లార్షా_పాఠాలు రాశారు:

మూడు వారాల తరువాత రాస్తున్నాను. ఫ్యాన్లు మూడూ నాగపూర్ వెళ్లిన బంధువుతో తెప్పించుకున్నాను, టవర్ కూలరు దీపావళి దాకా వాయిదా వేశాను. ముందున్న అద్దం పలక తీసేసి, దాని స్థానంలో సన్నని నైలాన్ జాలీని చట్రానికి బిగించి అయస్కాంతపు పట్టీతో అంటించాను. పాఠం రికార్డు చేసేటప్పుడు మూడూ నిమిషానికి 700 చుట్ల దగ్గర తిరుగుతున్నాయి. నిన్న రాత్రి గదిలో 36 డిగ్రీలు, ప్రాసెసర్ 58 చూపించింది.

ఒక్క ఇబ్బంది మిగిలింది. మొదట మూడింటినీ 1000 చుట్ల దగ్గర పెట్టినప్పుడు 'వూం... వూం...' అని సెకనుకు రెండు మూడుసార్లు ఊగే చప్పుడు వచ్చింది. 700కు తగ్గించగానే దాదాపు పోయింది. ఫ్యాను లోపమేమోనని అనుమానంగా ఉంది.

పాఠం సంగతి చెప్పకుండా ఉండలేను. 'శంఖం' పాఠాన్ని మళ్లీ చదివి, ఏ సాఫ్ట్‌వేరూ వాడకుండా అలాగే పంపాను. మరుసటి రోజు మా పక్కింటి పాప వచ్చి, శ దగ్గర నాలుక ఎక్కడ పెట్టాలో నోరు తెరిచి చూపించింది.


సిరొంచ_సర్వీస్ బదులిచ్చారు:

చాలా సంతోషం అక్కయ్యా. ఆ ఊగే చప్పుడు లోపం కాదు. ఒకే రకం ఫ్యాన్లయినా ఒకదాని వేగం మరొకదాని కన్నా కొద్దిగా తేడాగా ఉంటుంది. తొమ్మిది రెక్కల ఫ్యాను 1000 చుట్లు తిరిగితే సెకనుకు 150 సార్లు రెక్క గాలిని కొడుతుంది, పక్కది 1020 తిరిగితే 153 సార్లు కొడుతుంది. ఆ మూడింటి తేడాయే సెకనుకు మూడు ఊగులుగా వినబడుతుంది. వీణ తీగలు రెండూ సరిగ్గా శ్రుతి కలవనప్పుడు వినబడే ఊపు కూడా ఇదే. కావాలనే ముందున్న వాటిని 700, వెనుకదాన్ని 800 దగ్గర పెట్టండి. తేడా ఎక్కువైతే ఆ ఊపు చెవికి అందదు. మైకు మూతిని గోడ వైపు కాక మీ వైపు ఉంచి, దాని వీపు కంప్యూటర్ వైపు వచ్చేలా కూర్చోండి. మామూలుగా గొంతు రికార్డింగుకు వాడే మైకులకు వెనుక నుండి వచ్చే చప్పుడు తక్కువ వినబడుతుంది.


బల్లార్షా_పాఠాలు రాశారు:

చివరి ప్రశ్న తమ్ముడూ. నైలాన్ జాలీ ఎన్నాళ్లకొకసారి కడగాలి? రెక్కలను బ్లోయర్‌తో ఊదవచ్చా?


సిరొంచ_సర్వీస్ బదులిచ్చారు:

మీ ఊళ్లో వేసవిలో పదిహేను రోజులకొకసారి జాలీ కడిగి, నీడలో పూర్తిగా ఆరాకే పెట్టండి. వానాకాలంలో నెలకొకసారి చాలు. జాలీ మూసుకుపోతే ఫ్యాన్ల చప్పుడు మారుతుంది, మీ చెవికి అది ముందే తెలుస్తుంది. బ్లోయర్ వాడేటప్పుడు రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి. ఆ గాలికి రెక్క అతివేగంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, పైగా తిరిగే మోటారు కరెంటు పుట్టించి బోర్డులోకి పంపవచ్చు. అంచున అంటుకున్న బొగ్గు గీతకు బ్లోయర్ చాలదు. ఫ్యానును ఊడదీసి, గట్టిగా పిండిన గుడ్డకు ఒక చుక్క గిన్నెలు తోమే ద్రవం రాసి ఒక్కొక్క రెక్కనూ తుడవండి. మధ్యనున్న స్టిక్కరు వైపు తడి వెళ్లనివ్వకండి.